ఏడవ యేటి విడుదల

మా ప్రాంతమున జీతమను మాటకు రెండర్థములు కలవు. ఆంధ్రదేశమున జీతమనగా ఉద్యోగికి నెలకొకమారు ముట్టు ద్రవ్యము. కన్నడమున దానిని సంబళమందురు. జీతమన్నచో అప్పు తీరువరకు ఒకరి యింట కట్టువడి చేయు చాకిరి. చిక్కబళ్ళాపురము నుండి బాగేపల్లికి పోవు పెద్దబాటలో పేరేసంద్ర కూడలి యొద్ద నిలిచి జీతమన్నచో, వినువాడు ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చినవాడగుటచే ఏ యర్థమును గ్రహించునో చెప్పజాలము. మా పెద్దలు మాత్రము తెలుగు మాటాడుచునే ఆ మాటను కన్నడపు టర్థమున వాడిరి. ‘వాడు మా జీతగాడు’ అన్నప్పుడు వానికి మేము డబ్బిచ్చుచున్నామని కాదు. వాడు మాకు బాకీపడియున్నాడని.

ఈ వ్యాసమునకు మూలము మా యింటి భోషాణములోనున్న ఒక లెక్కల పుస్తకము. పేరేసంద్రకు కొలది దూరముననున్న మా గ్రామమున మా తాతగారు మెట్టసేద్యము చేయించుచు, కావలసినవారికి చేబదులు లిచ్చుచు నుండిరి. 1964వ సంవత్సరపు పుటలో ఒక జీతగాని పేర 150 రూపాయలు వ్రాయబడియున్నవి. కారణము చెల్లెలి పెండ్లి. ఆ అప్పు తీరువరకు అతడు మా యింట నుండి మడకదున్ని, గొడ్లను కాచి, కపిలె తోలవలెను. ఏటికి 60 రూపాయల జీతము, రెండుపూటల సంగటి. ఆ 60 రూపాయలలో నుండి కంబళి వెల, చెప్పుల వెల, జ్వరము వచ్చి పనికిరాని దినములు, తోడేలెత్తుకొనిపోయిన మేక వెల తీసివేయబడెను. మిగిలినది పండుగలకు, ఇంటిలో పురుళ్ళకు మరల చేబదులుగా పోయెను. పదకొండేండ్లకు, అనగా 1975 నాటికి, అతడు మాకీయవలసినది 235 రూపాయలని లెక్క తేలినది.

మా తాతగారు దుర్మార్గులు కారు. అసలుకు మించి వడ్డీ పెరుగరాదను ధర్మశాస్త్ర నియమమును వారు తప్పక పాటించిరి. 150కి 85 మాత్రమే పైబడినది గదా. ఆ జీతగానిపై చేయిచేసికొన్నట్లు ఎవరును చెప్పగా మేము వినలేదు. ఊరిలో వారికి ధర్మాత్ములని పేరు. మమ్ము కలవరపెట్టునది ఈ సంగతియే. తాను నమ్మిన ధర్మమును తప్పని మనుష్యుడు మరియొక మనుష్యుని ఆయువులో పదకొండేండ్లు ఎట్లు తీసికొనగలిగెను? దోషము మనుష్యునిదా, అతడు నమ్మిన ధర్మమునదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము మన శాస్త్రముతోపాటు ప్రాచీన ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రమునుగూడ చదివితిమి. ఒక జాతి ధర్మమును తూచుటకు మరియొక జాతి ధర్మము మంచి త్రాసగును. రెండు పళ్ళెములు లేనిదే తూకము కుదురదు.

ఈ గ్రంథము మనకు మరీ పరాయిది కాదు. నిర్గమకాండము, లేవీయకాండము, ద్వితీయోపదేశకాండము అను పేరులతో తెలుగు క్రైస్తవుల యిండ్లలో అది దినదినమును చదువబడుచున్నది. గుంటూరు మండలమున చేబ్రోలునకు దగ్గరనున్న కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయీము అను చిన్న తెలుగు సమాజము తాము ఇశ్రాయేలు సంతతివారమని చెప్పుకొని, గత శతాబ్దపు చివరి దశకముల నుండి యూదాచారములను పాటించుచున్నది.

ముందు మన యింటి సంగతి చూతము. మన ధర్మశాస్త్రమున పదునెనిమిది వ్యవహారపదములలో మొదట లెక్కింపబడినది ఋణాదానము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కర్ణాటకమందలి కల్యాణనగరమున పుట్టినది. దానిని 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడదేశమున పుట్టి తెలుగున మాటాడిన గ్రంథమగుటచే మనవంటివారికి దానితో చుట్టరికము కొంచె మెక్కువ. ఇచ్చినవాడు తన సొమ్మును రాబట్టుకొనుటకు మనువు అయిదు మార్గములు చెప్పెను: ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము. తండ్రి అప్పు కొడుకును, మనుమడును తీర్పవలెను. త్రాగుటకు, జూదమునకు చేసిన అప్పులు మాత్రము వారికి అంటవు. ఇచ్చుకొనలేని బాకీదారుడు తక్కువ జాతివాడైనచో వానిచేత చాకిరి చేయించుకొనవచ్చును; బ్రాహ్మణుడైనచో కలిగినప్పుడు మెల్లమెల్లగా ఇప్పించుకొనవలెను. ఇది యాజ్ఞవల్క్యుని మాట. మా లెక్కల పుస్తకములోని 1964వ సంవత్సరపు పుట ఈ శ్లోకము నీడలోనే వ్రాయబడినదని మేము తలవంచుకొని ఒప్పుకొనుచున్నాము.

ఋణమనగా మనకు మొదటి నుండియు పుచ్చుకొన్నవాని మెడమీది బరువు. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు బాకీపడియే పుట్టితిమని నమ్మిన జాతి మనది. భార్యాపుత్రులు కలుగుటయు, పాడిగొడ్డు నిలుచుటయు ఋణానుబంధము చేతనే యందుము. ఈ భావములో గొప్పతనము లేకపోలేదు. హరిశ్చంద్రుని కథ మనకెందుకు కన్నీరు తెప్పించును? రాజ్యము పోయినవాడు, అడవిలో నడచుచున్నవాడు, చేయిచాచి అడిగినవాని ముందర మాట తప్పక, కాశీలో ఆలిని, బిడ్డను, తుదకు తన్నును అమ్ముకొని అప్పు తీర్చెను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయ నాటకమును మన పల్లెలలో ఎన్ని రాత్రులు తెల్లవారుదాక చూచియుందుము! చంద్రమతితోపాటు లోహితాస్యుడును దాస్యమునకు పోవుచున్నప్పుడు ఏడువనివారుండరు. కాని ఆ యేడుపులో ఎవరును లేచి, ఓయి నక్షత్రకా, అప్పునకు పసిబిడ్డను పుచ్చుకొందువా యని అడుగరు. నక్షత్రకుడు వచ్చినప్పుడు నవ్వుదుము. మన శాస్త్రమును, మన నాటకమును బాకీదారుని మనస్సాక్షిని మేల్కొల్పినంతగా ఇచ్చినవాని మనస్సాక్షిని మేల్కొల్పలేదని మా భావము. దామదుపట్టు నియమమొకటి ఇచ్చినవానికి పగ్గము వేసినమాట నిజమే. కాని అది వడ్డీకి వేసిన పగ్గము, మనుష్యునికి కాదు.

మోషే ధర్మశాస్త్రము ఋణమును గూర్చి చెప్పినప్పుడు చాలవరకు ఇచ్చినవానితో మాటాడును. తీసికొని తీర్పనివాడు దుష్టుడని కీర్తనలలో ఒకచోట లేకపోలేదు. అయినను నియమములన్నియు ధనముగలవాని ముఖము చూచి చెప్పినవే. పేదవానికి అప్పిచ్చినచో వడ్డీ కట్టరాదు. పొరుగువాని పైబట్టను తాకట్టుగా పుచ్చుకొన్నచో ప్రొద్దుగ్రుంకక ముందే తిరిగి యీయవలెను. ఏలయన వాడు రాత్రి కప్పుకొని పండుకొనునది అదియే. తిరగలిని గాని, దాని పైరాతిని గాని తాకట్టు పట్టరాదు; అది ప్రాణమును తాకట్టు పట్టుటతో సమానము. రాగులు విసరుకొనిన గాని పొయ్యి వెలుగని యిండ్లు మన కండ్లయెదుట నుండెను గావున ఈ నియమమునకు మనకు వ్యాఖ్యాన మక్కరలేదు. విధవరాలి వస్త్రమును తాకట్టు పట్టనే రాదు. కూలివాని కూలి ఆనాటి సంధ్యకు ముందే చెల్లింపవలెను. వాడు దానిపై ప్రాణము పెట్టుకొనియున్నాడు.

వీనిలో మాకు మిక్కిలి నచ్చినది గడప నియమము. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువును తెచ్చుకొనుటకు బాకీదారుని యింటిలోనికి పోరాదు. వాడు వెలుపల నిలువవలెను, ఇంటివాడే వస్తువును తెచ్చి యీయవలెను. చూచుటకు చిన్న మాట. కాని అప్పులపాలైన యింట అప్పిచ్చినవాడు లోపలికి నడచివచ్చి, ఇత్తడిబిందె ఏది, గొఱ్ఱె ఏది యని చూపు త్రిప్పుచు నిలిచినప్పుడు, ఆ యింటి ఆడువారు బిడ్డల యెదుట పడు సిగ్గు ఎట్టిదో ఎఱిగినవాడు గాని ఈ నియమము వ్రాసియుండడు. డబ్బు బాకీయున్నను గడప బాకీలేదు. మన నక్షత్రకుడు బాకీదారుని వెన్నంటి అడవులు దాటెను. ఆ దేశమున పుట్టియున్నచో గడప యొద్దనే ఆగవలసివచ్చెడివాడు.

ఇవి గ్రంథములో మాటలే గాని నేలమీద నడచినవాయని చదువరులడుగవచ్చును. 1960లో ఇశ్రాయేలు సముద్రతీరమున మెసద్ హషవ్యాహు అను చిన్న కోట శిథిలములలో సిరాతో వ్రాసిన కుండపెంకు దొరకినది. క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దమున ఒక కోతకూలి తన దొరకు వ్రాయించుకొన్న అర్జీ యది. పంట కోసి, కొలిచి, కొట్టున చేర్చితిననియు, అయినను అధికారి తన బట్టను తీసికొనిపోయి ఇంతవరకు ఈయలేదనియు, తనతో ఎండలో కోసినవారందరును సాక్ష్యము చెప్పుదురనియు, తన బట్టను తనకిప్పింపుమనియు మొఱపెట్టుకొన్నాడు. ధర్మశాస్త్రమునుండి ఒక మాటైన ఎత్తిచూపలేదు. బట్ట పోయినచో ఎవరికి చెప్పుకొనవలెనో, చెప్పుకొన్నచో వినవలసిన ధర్మమొకటి కలదనియు మాత్ర మతనికి తెలియును. అతనికి బట్ట తిరిగివచ్చెనో లేదో ఆ పెంకు చెప్పదు. ఆ కాలమునకు నూరేండ్లకు పైగా ముందే ఆమోసు ప్రవక్త, తాకట్టు బట్టలను పరచుకొని బలిపీఠముల యొద్ద పండుకొనువారిని తిట్టిపోసెను గనుక, నియమమును తప్పువారు ఆ దినములలో కొఱవడలేదని స్పష్టము.

ఇక ఏడవ యేటి సంగతి. ఇశ్రాయేలీయుడు అప్పులచేత అమ్ముడుపోయినచో ఆరేండ్లు చాకిరి చేయవలెను. ఏడవ యేట వాడు స్వతంత్రుడు. ఇదిగాక ఏడేండ్లకొకమారు దేశమంతట అప్పుల విడుదల కలదు. ఏబదవ యేట వచ్చు సునాద సంవత్సరమున అమ్ముకొన్న పొలము సయితము మొదటి కుటుంబమునకు తిరిగి రావలెను. సంఖ్యనుబట్టి చూచినచో బాబిలోను రాజగు హమ్మురాబియే దయాళువు. ఆయన శాసనమున అప్పునకు పోయినవాడు మూడేండ్లు చాకిరి చేసి నాలుగవ యేట విడుదల పొందును. అయినను మోషే ధర్మమున మరి రెండు మాటలున్నవి. వాటికొఱకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మొదటిది: విడిచిపెట్టునప్పుడు వానిని వట్టిచేతులతో పంపరాదు. నీ మందలోనుండి, నీ కళ్ళములోనుండి, నీ ద్రాక్షగానుగలోనుండి వానికి ధారాళముగా నీయవలెను. ఇట్లు చేయుట కష్టమనిపింపరాదనియు, ఆరేండ్లు వాడు చేసిన చాకిరి కూలివాని చాకిరికి రెండింతలనియు యజమానునికే లెక్క చెప్పుచున్నది. రెండవది: నీవును ఐగుప్తులో దాసుడవైయుంటివని జ్ఞాపకము చేసికొనుము. సాధారణముగ శాసనములకు రాజాజ్ఞయో, దండభయమో ఆధారము. ఇచట ఆధారము యజమానుని జ్ఞాపకము. ఈ గ్రంథమున పౌరధర్మమును, నీతిధర్మమును విడదీయజూచుట వ్యర్థమని మాకు తోచుట కిదియే కారణము. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయమున పొలము గట్టువరకు కోయక పరిగె ఏరుకొనువారికి విడువవలెననుటయు, కూలివాని కూలి నిలుపరాదనుటయు, తూనికరాళ్ళు సరిగా నుండవలెననుటయు, పొరుగువానిని నీవలె ప్రేమింపవలెననుటయు ఒకే వరుసలో, ఒకే కంఠముతో చెప్పబడినవి. ఏది న్యాయస్థానమునకు, ఏది మనస్సునకు అని అచట గీత లేదు.

మా యింటి లెక్కకు ఈ ధర్మమును పెట్టి చూచితిమి. 1964లో వచ్చినవాడు 1970లోనే ఇంటికి పోవలసినది. పోవునప్పుడు ఒక జత మేకలో, కొన్ని మూటల రాగులో వెంట తీసికొనిపోవలసినది.

వాడు పోనన్నచో? అందుకును ఒక నియమమున్నది. దాసుడు తన యజమానుని ప్రేమించుచున్నాననియు, విడుదల వలదనియు చెప్పినచో వానిని తలుపు యొద్దకు తీసికొనిపోయి చెవిని కదురుతో గ్రుచ్చవలెను; అటుపైని వాడు నిత్యదాసుడు. యజమానుడిచ్చిన భార్యయు, బిడ్డలును యజమానునికే చెందుదురు గనుక వారిని విడిచి పోలేక వాడు చెవిని అప్పగించుట కలదు. ఇది క్రూరమైన నియమమే. తరువాతి యూదపండితులు ఈ గ్రుచ్చుటను గౌరవముగా చూడక శిక్షగా చూచిరి: దేవునికి తప్ప మరెవ్వరికిని దాసులు కారని సీనాయి కొండయొద్ద విన్న చెవియే మరియొక యజమానుని కోరుకొన్నది గనుక దానికి తగిన శాస్తియని. మా యిండ్లలోను జీతగాని గూర్చి ‘వాడు మా యింటి మనిషి’ అనుట కలదు. ప్రేమతోనే యందురు. కాని ఇంటి మనిషికి ఆస్తిలో భాగముండును, ఇతనికి కంబళి వెల సయితము పద్దులో నుండును.

ఇంతవరకు చదివిన షావుకారు మిత్రు డొకడు మమ్ము నిలదీసెను. ఏడవ యేట అప్పు కొట్టివేయుదురన్నచో ఆరవ యేట ఎవడిచ్చును? పేదవానికి అప్పు పుట్టకుండుటకంటె పెద్ద కీడేమున్నది? న్యాయమైన ప్రశ్న. ఈ ప్రశ్న మోషే ధర్మమునకును తెలియును. ఏడవ యేడు దగ్గరపడినదను దుష్టతలంపు హృదయమున పుట్టనీయక ఈయవలెనని అది హెచ్చరించినది. హెచ్చరిక చాలలేదు. క్రీస్తునకు కొంచెము ముందు హిల్లేలు అను గొప్ప గురువు జనులు అప్పులిచ్చుట మానుచున్నారని చూచి, బాకీని న్యాయస్థానమునకు అప్పగించినట్లు పత్రము వ్రాసికొన్నచో ఏడవ యేడు దానికి తగులదని ఏర్పాటు చేసెను. దీనికి ప్రొజ్బూలు అని పేరు. ధర్మమును కాపాడుటకు ధర్మమునకే కన్నము పెట్టవలసివచ్చెను. హిల్లేలును మేము తప్పుపట్టము. పేదవానికి ఆనాటి రాత్రికి గింజలు కావలెను, ఏడవ యేటి విడుదల తరువాతి మాట. అయితే ఒకటి గమనింపవలెను. హిల్లేలు తప్పించినది అప్పుల రద్దును మాత్రమే. అప్పునకు మనుష్యుని కట్టివేయుటకు ఆయన త్రోవ చూపలేదు. మా మిత్రుని వాదము ధనమునకు సరిపోవును. మా తాతగారి పుస్తకములో తాకట్టు పెట్టబడినది ధనము కాదు గదా!

ధర్మము తెలిసి, ఒప్పుకొని, మరల తప్పిన కథయు ఆ గ్రంథములోనే యున్నది. బాబిలోను సైన్యము యెరూషలేమును ముట్టడించినప్పుడు సిద్కియా రాజు ప్రజలచేత ప్రమాణము చేయించి హెబ్రీ దాసదాసీలనందరను విడిపించెను. ఐగుప్తు సైన్యము వచ్చుచున్నదని విని బాబిలోనువారు కొంత కాలము ముట్టడి విడిచిపోయిరి. ప్రమాదము తప్పినదనుకొన్న యజమానులు విడిచిన వారినే మరల పట్టి తెచ్చుకొనిరి. యిర్మీయా ప్రవక్త అప్పుడు పలికిన మాటలలోని కోపము మరెచటను కానరాదు. మీరు విడుదల ప్రకటింపలేదు గనుక మీకును విడుదల ప్రకటింతును, ఖడ్గమునకు, తెగులునకు, కరవునకు విడుతునని దేవుడన్నట్లు చెప్పెను. పట్టణము తరువాత కొద్దికాలమునకే పడినది.

మన దేశమున విడుదల 1975లో వచ్చినది. వెట్టిచాకిరి రద్దు శాసనము 1976లో పార్లమెంటు ఆమోదము పొంది, 1975 అక్టోబరు 25 నుండి అమలైనట్లు ప్రకటింపబడినది. దాని ననుసరించి దేశమందలి ప్రతి వెట్టివాడును విముక్తుడు. అతని బాకీ చెల్లిపోయినది. తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి యీయవలెను. ఎవరైనను మరల కట్టివేసినచో మూడేండ్లవరకు ఖైదు, 2,000 రూపాయలవరకు జుల్మానా. సునాద సంవత్సరపు బూర ఢిల్లీలో ఊదబడినట్లే మాకు తోచుచున్నది. వట్టిచేతులతో పంపరాదను రెండవ మాటయు కొంత ఆలస్యముగా వచ్చినది: 1978లో పునరావాసమునకు ఒక్కొక్కరికి 4,000 రూపాయల పథకము ఏర్పడినది, 2016లో దానిని పురుషులకు లక్ష, స్త్రీలకు, బాలురకు రెండు లక్షలు, మిక్కిలి ఘోరమైన దాస్యమనుభవించినవారికి మూడు లక్షలుగా పెంచిరి. విడిపించి పునరావాసము చూపనిచో వారు మరల దాస్యమునకే పోవుదురని 1984లో నీరజా చౌదరి వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పెను. ద్వితీయోపదేశకాండము పదునైదవ అధ్యాయమును న్యాయమూర్తులు చదివిరో లేదో గాని చెప్పినది అదే. తండ్రి అప్పునకు కొడుకు ధర్మబద్ధుడను మన పాత నియమమును హైందవ వారసత్వ శాసనపు 2005వ సంవత్సరపు సవరణ తీసివేసినది. ఆ తరువాత చేసిన అప్పులకు ఆ ధర్మము పేరుచెప్పి కొడుకును, మనుమనిని న్యాయస్థానమున పట్టుటకు వీలులేదు.

మోషే ధర్మమును ఇంతగా పొగడినవారము దానిలోని కళంకమును దాచుట న్యాయము కాదు. ఏడవ యేటి విడుదల ఇశ్రాయేలీయునికే. చుట్టునున్న జనములలో నుండియు, తమ మధ్య కాపురమున్న పరదేశుల బిడ్డలలో నుండియు దాసులను కొని, వారిని తమ బిడ్డలకు ఆస్తిగా వ్రాసి యీయవచ్చునని లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయము స్పష్టముగా చెప్పుచున్నది. అదే గ్రంథము, ఆరు అధ్యాయములకు ముందు, పరదేశిని నీవలె ప్రేమింపుము, నీవును ఐగుప్తులో పరదేశివే గదా యన్నది. పారిపోయి వచ్చిన దాసుని యజమానునికి అప్పగింపరాదని ద్వితీయోపదేశకాండమున నున్నది. ఈ వాక్యములను సమన్వయపరచుటకు పండితులు చాల శ్రమపడిరి. మాకు మాత్రము సమన్వయము కుదురలేదు. జ్ఞాపకము గూడ తన వారి గుమ్మము వరకు వచ్చి ఆగిపోవుననుటకు ఇది నిదర్శనముగా కనబడుచున్నది.

ఈ కళంకము మనకు పరాయిది కాదు. మనలో కొందరి పెద్దలు విజయనగరపు రాజుల కాలమున, పాళెగాండ్ర కాలమున ఉత్తరమునుండి వచ్చిరందురు. బాగేపల్లి, చింతామణి పల్లెలలో చాలమంది ఎచటినుండియు రాలేదు. వారున్న చోటనే యుండగా పాలనల సరిహద్దులు అటునిటు జరిగినవి. ఎట్లైనను భాషచేత తక్కువ సంఖ్యవారమై ఈ రాష్ట్రమున బ్రదుకుచున్నాము. బడిలో, కచ్చేరిలో పరదేశి అనుభవము మన బిడ్డలకు కొంత తెలియును. మన రాతిక్వారీలలో, కోళ్ళఫారములలో, ఇటుకబట్టీలలో నేడు ఒరియా, హిందీ మాటాడు కూలివారు కనబడుచున్నారు. జీతమను మాట వాడుకలో తగ్గినది. దాని స్థానమున అడ్వాన్సు అను మాట వచ్చినది. అడ్వాన్సు తీరువరకు పోరాదన్నచో ఆ మాట మారినదే గాని పని మారలేదు. మా తాతగారి కాలమున జీతగాడు కనీసము మన భాష మాటాడువాడు. వాని తిట్టును మనకు వినబడెడిది. ఇప్పటి వాని మాటయే మనకు తెలియదు.

బాబిలోను చెఱ ముగిసిన తరువాత యెరూషలేమునకు అధిపతిగా వచ్చిన నెహెమ్యా యొద్ద పేదలు మొఱపెట్టిరి: ధాన్యమునకు, రాజుపన్నునకు పొలములను తాకట్టుపెట్టితిమి, మా బిడ్డలు దాసులైరి, వారిని విడిపించుకొను శక్తి మాకు లేదని. నెహెమ్యా ధనవంతులను సభకు పిలిచి గద్దించెను. గద్దించుచు, తానును, తన సోదరులును, తన సేవకులును అదే విధముగ అప్పులిచ్చియున్నామని అందరి యెదుట చెప్పెను. ఆ తరువాతనే విడిచిపెట్టుదము రండనెను. అప్పులవాండ్రను దూరమునుండి నిందించుట సులభము. మేమును ఇచ్చితిమని చెప్పి మొదలుపెట్టిన అధికారి కనుకనే ఆ సభలో ఎవరును మారుమాటాడలేదు. పొలములు, ద్రాక్షతోటలు, వసూలు చేసిన నూరవ వంతు వడ్డీ తిరిగి యిచ్చిరని వ్రాయబడియున్నది.

మా తాతగారు సభ పెట్టలేదు. 1976లో ఆ జీతగాని పద్దుపై అడ్డముగా గీత గీసి, ప్రభుత్వాజ్ఞచే చెల్లు అని వ్రాసిరి. అక్షరములు గుండ్రముగా, ఎప్పటివలెనే యున్నవి. అతనికేమైన ఇచ్చి పంపినట్లు ఆ పుటలో లేదు. 1977లో అదే పేర మరల 80 రూపాయలు కనబడుచున్నవి, కొడుకు జ్వరమునకని. ఆ కొడుకే తరువాత నాలుగేండ్లు మా గొడ్లను కాచినాడు.

కొన్ని సంవత్సరముల క్రిందట అతని మనుమడు మా యింటికి వచ్చెను. శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్ళు వేసికొనిపోవు బండి నడుపుకొని బ్రదుకుచున్నవాడు. మాయందు అతనికి ద్వేషమేమియు లేదు. తాత పేరు పుస్తకములో నున్నదని ఎవరో చెప్పగా చూడవలెనని వచ్చెను. కన్నడపు బడిలో చదివినవాడగుటచే తెలుగు అంకెలను, అక్షరములను కూడబలుకుకొని చదివెను. అప్పు చదివెను, కంబళి చదివెను, మేక చదివెను. పుటలు ముందునకును వెనుకకును త్రిప్పి, ‘అన్నా, పదకొండేండ్లు మా తాత చేసిన పనికి ఏం గిట్టిందో అది ఏ పేజీలో రాసినారు?’ అని అడిగెను. మేమును పుస్తకము తీసికొని వెదకితిమి. దున్నిన యెకరములు వేరుగా, పండిన మూటలు వేరుగా, అమ్మిన వెల వేరుగా వ్రాసియున్నవి. ఆ వరుసలలో అతని తాత పేరు లేదు.